వంటసోడాతో మాగ్నెట్ అతకదు

గోదావరి వరద తీసిన ప్రతిసారీ మన లంక ఊళ్ళలో మోటారు బండ్ల మాగ్నెట్ కవర్లు, అంటే చార్జింగ్ కరెంటు పుట్టించే భాగం మీది మూతలు, విప్పడం మామూలే. ఆ అదను చూసుకునే కాబోలు, ఒక వీడియో కోనసీమంతా ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: రోటర్ (ఇంజన్‌తో పాటు తిరిగే అయస్కాంతాల చక్రం) లోపల అయస్కాంతం పలక ఊడితే కొత్త రోటర్ కొనక్కర్లేదు. వరద నీళ్ళ వల్లే అది ఊడుతుంది. పలకను పెట్రోలుతో తుడిచి, ఫెవిక్విక్ వేసి, అంచుల్లో వంటసోడా చల్లితే అయిదు నిమిషాల్లో రాయి అయిపోతుంది. ఏ పలక ఎటు పెట్టినా ఒకటే. పలక విరిగితే ఆన్‌లైన్‌లో దొరికే పవర్‌ఫుల్ మాగ్నెట్ పెట్టుకుంటే చార్జింగ్ ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి షాపుల వాళ్ళు దాచి డబ్బులు లాగుతున్నారు.

కొత్తది కొనక్కర్లేదన్న మాట వరకూ నేనూ ఒప్పుకుంటాను. పలకలు పగలకుండా, రోటర్ చిప్పకి బీట లేకుండా ఉంటే మళ్ళీ అతికించుకోవచ్చు. అది దొంగ రిపేరు కాదు, నిఖార్సైన రిపేరే. పేచీ అంతా ఆ అయిదు నిమిషాల దగ్గరే.

ముందు వరద సంగతి. ఒక రాత్రి నీళ్ళలో మునిగినంత మాత్రాన కంపెనీలో అతికించిన పలక ఊడిపోదు. పలక దాదాపు ఎప్పుడూ ఫెర్రైట్, అంటే ఇనుప ఆక్సైడుతో కాల్చి చేసిన పింగాణీ లాంటి పదార్థం. అది తుప్పు పట్టదు. తుప్పు పట్టేది దాని వెనకున్న ఉక్కు చిప్ప. మునిగిన బండి కవరు విప్పి ఆరబెట్టకుండా వదిలేస్తే, ఆ తుప్పు మెల్లగా గమ్ము కిందికి పాకుతుంది. కాబట్టి నీటి పాపం కొంత ఉంది. కానీ అంతకంటే పెద్ద పాపం సుత్తిది. రోటర్ని లాగి తీసే పనిముట్టు, అంటే సరైన పుల్లర్ లేక, రోటర్ అంచు మీద నాలుగు దెబ్బలు వేసి ఊడబీకుతారు చూడండి, అక్కడే పలక పగులుతుంది, పాత గమ్ము విడిపోతుంది. మిగతాది వేడీ, నూనే చూసుకుంటాయి.

ఇక ఫెవిక్విక్, వంటసోడా. ఈ రెండూ కలిస్తే క్షణంలో గట్టిపడే మాట నిజమే. సోడాలోని క్షారం ఆ గమ్మును ఒక్కసారిగా బిగిసేలా చేస్తుంది. ప్లాస్టిక్ బకెట్ చెవి విరిగితే నేనూ అదే వాడతాను. కానీ అలా వచ్చిన ముద్ద గట్టిది, పెళుసుది. తోస్తే తట్టుకుంటుంది, అదిరితే చిట్లుతుంది. పైగా మామూలు ఇన్‌స్టంట్ గమ్ములు 80 డిగ్రీల దగ్గర పట్టు వదిలేస్తాయి. మాగ్నెట్ ఆయిల్లో తిరిగే ఇంజన్లలో ఆ ఆయిలే 100 డిగ్రీల దాకా వెళుతుంది. మే నెలలో రాజమండ్రి వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ పైకీ పోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మన బండ్లలో ఎక్కువ భాగం రోటర్ గిన్నెలా ఉండి, కరెంటు పుట్టే తీగచుట్టలున్న కాయిల్ ప్లేట్ దాని లోపల ఉంటుంది. పలకలు గిన్నె లోపలి గోడకి ఉంటాయి. 50 గ్రాముల పలక ఇరుసు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే, దాని మీద బయటివైపు పడే ఒత్తిడి సుమారు 180 కిలోల బరువుకి సమానం. అంత ఒత్తిడిని గమ్ము ఎలా ఆపుతుందని భయపడనక్కర్లేదు, ఎందుకంటే అది పలకను గోడకే అదుముతుంది. గమ్ము ఆపాల్సింది పక్కకి జారడాన్ని. ఇంజన్ ఒకే వేగంతో తిరగదు. పేలినప్పుడల్లా ముందుకి ఉరుకుతుంది, కంప్రెషన్‌లో వెనక్కి తగ్గుతుంది. కాయిల్ ప్లేట్ ఇనుప పళ్ళు కూడా పలకను దాటినప్పుడల్లా ఒక లాగు లాగుతాయి. ఈ ముందుకీ వెనక్కీ లాగుడు నిమిషానికి వేల సార్లు. పెళుసు గమ్ము ఓడిపోయేది ఇక్కడే. ఇంకో చిక్కు: పలక అయస్కాంతం కదా, గమ్ము వదిలినా ఉక్కు గోడని పట్టుకునే ఉంటుంది. విప్పి చూస్తే గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. బొటనవేలితో పక్కకి నెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. నడుస్తుంటే ఎడమవైపు కవరులో టకటకమనే చప్పుడు వస్తే, దాన్ని టైమింగ్ చైన్ చప్పుడనుకుని ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పేసేవాళ్ళున్నారు.

కావాల్సింది 150 డిగ్రీలకి పైగా తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న, రెండు భాగాలు కలిపి పూసే ఎపాక్సీ గమ్ము. కిరాణా కొట్టులో దొరికే మామూలు అయిదు నిమిషాల ఎపాక్సీ కూడా ఇక్కడ పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది. అసలు ఎపాక్సీ ఎంత మంచిదైనా కింద మురికి ఉంటే దండగ. పెట్రోలు ఆరిపోయాక జిడ్డు పొర మిగులుతుంది, అందుకే దానితో తుడవడం లెక్కలోకి రాదు. పాత గమ్ము మొత్తం గీకి, ఉక్కు మెరిసేదాకా ఎమరీ కాగితం పట్టి, పలక వీపు కూడా కాస్త గరుకు చేసి, అసిటోన్‌తో గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా తుడవాలి. తర్వాత వేలు తగలకూడదు. మొత్తం పనిలో సగం పైన ఇదే, గమ్ము పూయడం కాదు.

‘ఏ పలక ఎటు పెట్టినా ఒకటే’ అన్నది వీడియో మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. రోటర్ చుట్టూ ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని ధ్రువాలు మారుతూ ఉండాలి. ఆ మార్పు వల్లే కాయిల్లో కరెంటు పుడుతుంది. ఒక ధ్రువం తిరగబడితే దాని వాటా పోవడమే కాదు, అది ఎదురు కరెంటు పుట్టించి ఇంకోదాని వాటా కూడా మింగుతుంది. అంటే ఒకటి తప్పు పెడితే రెండు పోయినట్టు. ఊడదీసే ముందే మార్కర్‌తో నంబర్లు, పైన ఏది కింద ఏది అన్నది రాసుకోండి. రాయడం మర్చిపోతే దిక్సూచి చాలు, వరుసగా చూపిస్తూ పోతే ముల్లు ఒక్కో ధ్రువానికీ తిరగబడాలి. పలకల మధ్య ఎడం కూడా ముఖ్యమే. సరైన వరుసలో పెట్టిన పలకలు ఒకదాన్నొకటి లాక్కుని దగ్గరికి జరిగిపోతాయి. మధ్యలో సమానమైన చెక్క ముక్కలో ప్లాస్టిక్ ముక్కలో దూర్చి, ఎపాక్సీ బిగిసేదాకా ఉంచాలి. పలక పాత చోటికే వెళితే బాలెన్స్ గొడవ రాదు.

పవర్‌ఫుల్ మాగ్నెట్ అంటే నియోడిమియం. బలం నిజమే. కానీ వాటిలో చవక రకాలు 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా బలం కోల్పోతాయి. పైపూత గీసుకుపోతే తుప్పు పడతాయి, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో అయితే చెప్పనక్కర్లేదు. చదును బిళ్ళ గుండ్రటి గోడకి ఆనదు కూడా. పైగా కరెంటు పెరిగితే బ్యాటరీకి లాభం లేదు, చాలా బండ్లలో ఎక్కువైనది వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ వేడి రూపంలో తగలేస్తుంది. చివరికి కాలేది ఆ రెగ్యులేటరే. పలక విరిగి ముక్క పోయిందా, రోటర్ మార్చండి.

షాపుల వాళ్ళు దాస్తున్నారా? కొందరు అవును. కానీ ఎక్కువమంది లెక్క వేరు. ఈ పని సరిగ్గా చేస్తే ఎపాక్సీ బిగియడానికే ఒక రోజు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. అట్టపెట్టెలో బల్బు వెలిగించి, పక్కన రోటర్ పెట్టి వెచ్చగా ఉంచితే మేలు. గ్యాస్ మంట పెడితే పలక చిట్లుతుంది. ఎదురుగా బండి కోసం నిలబడ్డ మనిషికి ‘రేపు రండి, గ్యారంటీ ఇవ్వను’ అని చెప్పడం కంటే ‘కొత్తది వేసేద్దామండీ’ అనడం తేలిక.

బిగించాక కిక్ కొట్టే ముందు రోటర్ని చేత్తో పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడైనా రాసుకుంటే ఎపాక్సీ పొంగి ఉంటుంది, దాన్ని గీకేయాలి. తర్వాత బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టి ఇంజన్ నిమిషానికి 4,000–5,000 చుట్లు తిరిగే దగ్గర చూస్తే 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి.

ఇదంతా గిన్నె రోటర్ల సంగతి. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ బండ్లలో రోటర్ లోపల, కాయిల్ దాని చుట్టూ ఉంటాయి. అక్కడ పైన చెప్పిన ఒత్తిడి అయస్కాంతాన్ని గోడకి అదమదు, బయటికి విసురుతుంది. అలాగే గిన్నె రోటర్లలో మధ్య బుష్‌ని (ఇరుసు మీద కూర్చునే భాగాన్ని) గిన్నెకి పట్టి ఉంచే రివెట్లు లూజైనా గమ్ముతోనో వెల్డింగ్‌తోనో అయ్యే పని కాదు. ఈ రెండింటికీ మాత్రం మార్చడమే దారి.