మదర్‌బోర్డుతో పాటే కాటికి వెళ్లే లైసెన్స్ గారికి

మహారాజశ్రీ ఓఈఎమ్ లైసెన్స్ గారి దివ్యసముఖమునకు,

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గరి సందులో పెళ్లి కార్డులు, కరపత్రాలు, దశదినకర్మ పత్రికలు కంపోజ్ చేసుకుని బతికే ఒక డీటీపీ ఆపరేటరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. నేను కుశలమే గాని, నా పాత కంప్యూటరులో విండోస్ వాడుకునే అనుమతి అయిన తమరు మొన్నటి వానాకాలం పిడుగుకు కాలం చేశారు.

నిజానికి పోయింది మదర్‌బోర్డు, అంటే భాగాలన్నిటినీ కలిపి ఉంచే అట్ట. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ బతికింది, ర్యామ్ బతికింది, మానిటరుకు గీత కూడా పడలేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి కొత్త బోర్డు, ప్రాసెసరు, కరెంటు అందించే ఎస్ఎమ్‌పీఎస్, క్యాబినెట్ తెచ్చి, ప్రాసెసరు మీద పేస్టు నేనే పూసి, స్క్రూలు నేనే బిగించి కొత్త కంప్యూటరు కట్టుకున్నాను. బతికినవన్నీ కొత్త ఇంట్లోకి వచ్చాయి, తమరు తప్ప. డబ్బు కట్టింది నేనైనా తమ బంధుత్వం నాతో కాదని, కాలిపోయిన ఆ పచ్చ అట్టతోనని అప్పుడు తెలిసింది.

ఇలాంటి ఆస్తికి మా జిల్లాలో లావణి పట్టా అని పేరు. సర్కారు ఇచ్చిన ఆ భూమిని దున్నుకోవచ్చు, పంట తీసుకోవచ్చు, అమ్ముకుంటే మాత్రం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం చెల్లదు. అయినా లావణి పట్టా రైతు కన్ను మూస్తే భూమి కొడుకులకు దక్కుతుంది. తమరు కొత్త బోర్డును వారసుడిగా కూడా ఒప్పుకోరు.

మళ్లీ తమరినే కొంటే చవకగా పోతుంది గదా అని షరతులు చదివాను. కంప్యూటర్లు కట్టి అమ్మేవారి కోసం తమరు పుట్టారట. ఏదైనా ఇబ్బంది వస్తే మైక్రోసాఫ్ట్ కంపెనీని అడగకూడదు, కంప్యూటరు కట్టినవాడినే అడగాలట. కట్టినవాడిని నేనే కనుక, ఇక మీదట తెర నల్లబడినప్పుడల్లా నాకు నేనే ఫోను చేసుకుని, లైను బిజీగా ఉందని నామీద నేనే విసుక్కోవాలి.

ఈలోపు తెలిసినవాళ్ల సలహా మీద ఆన్‌లైన్‌లో ఐదు వందలకు ఒక కీ, అంటే విండోస్‌కు తాళంచెవి లాంటి అక్షరాల వరుస, కొన్నాను. తెల్ల కాగితం మీద రాసుకునే సాదా బైనామా ఎంత గట్టిదో మా వాళ్లకు తెలియనిది కాదు, అయినా కొన్నాను. ఆరు నెలలు బాగానే నడిచింది. ఆ తరువాత ఎస్ఎల్ఎమ్‌జీఆర్ అనే ఆదేశం కొట్టి దాని గోత్రం అడిగితే వాల్యూమ్, అంటే ఆఫీసులకు గుంపుగా ఇచ్చే రకం, అని తేలింది. కనీసం 25 కంప్యూటర్లున్న ఆఫీసు కోసం ఉద్దేశించిన ఆ ఏర్పాటు 180 రోజుల లోపల ఆ ఆఫీసు సర్వరును ఒకసారైనా పలకరించి రావాలి. మా దుకాణంలో ఉన్నవి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక టేబుల్ ఫ్యాను.

గడువు తీరాక పని ఆగలేదు గాని వాల్‌పేపరు మార్చనివ్వలేదు, తెర కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని నీటి రాతలు తేలాయి. ఒక పెళ్లికూతురి మేనమామ కార్డు ప్రూఫు చూస్తూ ముహూర్తం, భోజనాల వేళ, బంధువుల పేర్లు అన్నీ వేలు పెట్టి చదివి, ఆ మూల దగ్గర ఆగి, “ఇది గూడ కార్డు మీద పడ్తదా సారూ? పడితే మావోళ్ల పేరు కిందికి జరుపు” అన్నాడు.

విండోస్ బదులు ఉబుంటు వేసుకొమ్మని మా తమ్ముడి సలహా. 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది, ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించినా, పక్కవాడికి పంచినా నేరం కాదు. పంచుకొమ్మనే లైసెన్స్ కూడా ఉంటుందని తమరికి ఎవరైనా చెప్పారో లేదో. కానీ నా అన్నం విండోస్ మీద పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉంది. ఇరవై ఏళ్లుగా దాచుకున్న కార్డుల నమూనాలు ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కాస్తా పిచ్చిగీతలవుతుంది. విండోస్ 10తో సరిపెట్టుకుందామంటే దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్‌లో ప్రో రకం తీసుకొమ్మని దుకాణదారు పట్టుబట్టాడు గాని, పెళ్లి కార్డులకు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ కాపలా ఎందుకు? వాటిని ఊరంతా పంచడానికే గదా అచ్చు వేసేది.

చివరకు తమ పెద్దన్నగారైన, వాడుకునేవాడికే నేరుగా అమ్మే రీటెయిల్ లైసెన్స్‌నే, ఇళ్లలో వాడే హోమ్ రకంలో, తీసుకున్నాను. ఖరీదు ఎక్కువే. అయితే ఈ బోర్డు పోతే, ఇక్కడ తీసేసి మరో కంప్యూటరుకు మార్చుకునే హక్కు ఆయన ఇస్తారు. పట్టా భూమి అనను, వాడుకునే అనుమతే. కౌలుదారు ఇల్లు మారితే కౌలు కాగితం కూడా వెంట వస్తుంది, అంతవరకే.

ఆయన కీలోని 25 అక్షరాలను కరెంటుతో పనిలేకుండా ఉంటుందని చిట్టా పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను. మా ఆవిడ ఐదేసి అక్షరాల చొప్పున చదువుతుంటే నేను సరిచూసుకున్నాను. చదవడం అయ్యాక ఆమె, “ఏ లేదు, ఈ లేదు, ఐ లేదు, ఓ లేదు, యూ లేదు. అచ్చు పని చేసుకునేటోనికి అచ్చులే లేని తాళం ఇచ్చిన్రా?” అంది.

ఇట్లు,
తమ మాజీ కౌలుదారు,
నల్లగొండ