తమ్ముడి పాత డ్రోన్

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. 2017లో కొన్న డ్రోన్ అంటే వాడికి ప్రాణం. వాళ్ల శనివారం సాయంత్రం దాన్ని ఎగరేస్తూ వీడియో కాల్ చేస్తే, ఇక్కడ మిర్యాలగూడలో నాన్న పొద్దున్నే లేచి ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు.

ఇప్పుడది అటకెక్కింది. 2024 మార్చి 16 నుంచి అక్కడ రిమోట్ ఐడీ అనే రూల్ గట్టిగా అమలవుతోంది. 250 గ్రాములు దాటిన డ్రోన్ గాల్లో ఉన్నంతసేపూ తన నంబరు, ఎక్కడుందో రేడియో సిగ్నల్‌తో చెబుతూ ఉండాలి. పాతదానికి ఆ ఏర్పాటెక్కడిది? ఆ సిగ్నల్ పంపే మాడ్యూల్ విడిగా కొని తగిలించాలి, లేదంటే అది లేకుండా ఎగరేసే అనుమతి ఉన్న మైదానాలకే మోసుకెళ్లాలి.

భద్రత కావాలి, కాదనను. కానీ నిన్నటిదాకా రూల్ ప్రకారమే ఎగిరినదానికి ఈ ఖర్చంతా కొన్నవాడి నెత్తిన వేయడమేంటి?

ఆదివారం వస్తే నాన్న ఇంకా అడుగుతున్నాడు, "వాడు ఎగరేస్తలేడా?" అని.