గురక మీద సాక్ష్యాలు చెల్లవు

గురకరాయుళ్ల పరువుకు ఈమధ్య రక్షణ లేకుండా పోయింది. ఇదివరకు గుర్రు వినపడితే "అదృష్టవంతుడు, ఎంత హాయిగా పడుకున్నాడో" అనేవారు. డాక్టర్లు వచ్చి అది హాయి కాదన్నారు. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, ఊపిరి దారి మూసుకుపోతోందట. కనీసం 10 సెకన్లు గాలి ఆడకపోతే ఒకసారి ఆగినట్టు లెక్క. అభియోగం పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా.

అభియోగం పెద్దదే. మరి సాక్షి ఎవరు? నిందితుడు రాత్రంతా నిద్రలో ఉన్నాడు. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. అంతకన్నా నిష్పాక్షికమైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? "నేనసలు గురకే పెట్టను" అని ఆయన తేల్చి చెబుతున్నాడు. భార్య కథ వేరు. గురక ఠక్కున ఆగిపోతుందట, ఊపిరి ఉండదట, తట్టి చూద్దామనుకునేలోపు ఉలిక్కిపడి గాలి పీలుస్తాడట. రాత్రంతా మేలుకున్న మనిషి మాట ఎలా నమ్ముతాం? ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే "ఇది నా గొంతు కాదు" అన్నాడు. కేసు అక్కడితో అయిపోవాలి. డాక్టర్లు మాత్రం ముందు ఆవిడనే పిలిచి అడుగుతారు.

మిగతా ఆధారాలకు మన దగ్గర జవాబులున్నాయి. పొద్దున్నే తలనొప్పి, ఎండిపోయిన నోరు? పని టెన్షన్. రాత్రి మాటిమాటికీ బాత్రూమ్? వయసు. మీటింగ్‌లో కునుకు? మీటింగ్ తప్పు. (ఇందులో కొంత నిజం లేకపోలేదు.) స్టీరింగ్ ముందు కునుకుకు మాత్రం ఇంకా జవాబు వెతుకుతున్నాం.

మూడు రకాల మాత్రలు మింగినా బీపీ దిగకపోతే ఉప్పును తిట్టాలి, గొంతును అనుమానించకూడదు. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ మెదడు కంగారుపడి మనిషిని కాస్త లేపుతుంది, బీపీ ఎగురుతుంది. ఏళ్ల తరబడి రాత్రుళ్లు ఇలాగే గడిస్తే గుండె లయ తప్పే ముప్పు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. అవన్నీ గుండె డాక్టరు చూసుకుంటాడులెండి.

ఇక స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని కనిపెట్టే పరీక్ష. తలకు, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకు తీగలు. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్. ఇంత అలంకరణలో నిద్రపట్టిందంటే వేరే రుజువెందుకో! కొందరికి ఇంట్లోనే చిన్న పరికరంతో సరిపోతుంది. ఊపిరి ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 దాటితే జబ్బు మొదలైనట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 30 అంటే సగటున రెండు నిమిషాలకోసారి. హాయిగా పడుకున్నాడన్నది ఈయన్నే.

ఇది లావుపాటి మగవాళ్ల జబ్బని మనం ఎప్పుడో తీర్పిచ్చేశాం. సన్నటివాళ్లకూ, ఆడవాళ్లకూ వస్తుంది. ఆడవాళ్లలో చాలామందికి గురక కన్నా అలసట, నిద్రపట్టకపోవడమే ముందు కనిపిస్తాయి. కానీ ఈ కేసులో ఆవిడ సాక్షి మాత్రమే, ఆవిణ్ణి పరీక్షకు పంపాలని ఎవరికీ తోచదు.

1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివాన్ బృందం, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా నిలబెట్టే సీప్యాప్ పద్ధతిని లోకానికి చూపింది. మాస్క్ పెట్టుకుంటే ముఖం బాగుండదని మనవాడు ఒప్పుకోలేదు. అది పెట్టుకోకుండా పడుకున్నప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో, పాపం, ఆయన ఒక్కసారీ చూసుకోలేదు.