పింటు పరీక్షాధికారి మనవి

డబ్లిన్ నగరంలో ఉత్తరాన ఫిబ్స్‌బరో, గ్లాస్‌నెవిన్ పేటల మధ్య నివసించే ప్రజలకు తాము పింటు గ్లాసుల్లో తాగే స్టౌట్ అనే బీరు ఏ పాటిదో తెలియజెప్పే అధికారి ఇంతవరకూ ఎవరూ లేరని గమనించి, ఎవరూ అడగకపోయినా, ఆ పదవిని నేనే స్వీకరించాను. ఈ పనికి పూనుకున్నవారు నాకన్నా ముందు లేరని కాదు. ఫోను జేబులో ఉన్న ప్రతివాడూ ఈ నగరంలో ఇప్పుడు పింటు పరీక్షకుడే. గ్లాసును కిటికీ వెలుతురులో పెట్టి, ఫొటో తీసి, పదికి 8.7 అని తీర్పు చెప్పి, ఆ చివరి 0.7 ఎక్కడినుంచి ఊడిపడిందో వివరించకుండా వెళ్లిపోతాడు. ఇది అరాచకం. పరీక్షకు పద్ధతి ఉండాలి, పద్ధతికి పుస్తకం ఉండాలి, పుస్తకంలో గడులుండాలి. అందుచేత రెండు వందల పేజీల లెడ్జరు ఒకటి కొని, నిలువు గీతలు గీసుకుని, గత శీతాకాలం నుంచి మా పేట పబ్బుల్లో ఆకస్మిక తనిఖీలు నిర్వహిస్తున్నాను.

నా అర్హతల మీద చదువరులకు సందేహం అక్కర్లేదు. హైదరాబాదులో పదకొండేళ్లు బిర్యానీ మీద తీర్పులు చెప్పినవాణ్ణి. ఫలానా హోటల్లో మునుపటి రుచి పోయిందని, అక్కడ మొదటిసారి తింటున్న రోజునే చెప్పగలిగిన అనుభవం నాది. అయితే స్టౌట్ ముందు ఆ అనుభవమంతా బాలశిక్షతో సమానమని ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే బోధపడింది.

గ్లాసులో కాటుకలా కనిపించే ఈ పానీయం నిజానికి నలుపు కాదు; దీపానికి ఎదురుగా పట్టుకుంటే అడుగున కెంపు రంగు మెరుస్తుంది. బార్లీ గింజలను కాఫీ గింజల్లా మాడ్చి కలపడం వల్ల ఆ రంగూ, నాలుక చివర మిగిలే చిరుచేదూ వస్తాయి. చూపుకు వస్తాదులా ఉన్నా, 568 మిల్లీలీటర్ల పింటులో ఆల్కహాలు 4.2 శాతమే కనుక స్వభావానికి మెతకదే. ఈ స్టౌట్‌కు తన పేరిచ్చిన ఆర్థర్ గిన్నిస్ అనే పెద్దమనిషి 1759 డిసెంబరు 31న డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ దగ్గర ఒక పాత బ్రూవరీని, అంటే బీరు తయారుచేసే కార్ఖానాను, ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్లకు కౌలుకు రాయించుకున్నాడు. మన వైపు ఇంటద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకుంటాము. పదో నెలలోనే ఇంటాయన, కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడని కబురు పెడతాడు. ఆర్థర్‌గారికి అటువంటి ఇంటాయన తగలలేదు. ఆ కౌలు గడువు 10759లో గాని ముగియదు గనుక మార్కులకు తొందరేమీ లేదని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు గాని, ప్రజాప్రయోజనం అంతకాలం ఆగుతుందా?

ఇక పోత విషయం. గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పాతిక వరకు నింపి, పక్కన పెట్టి, లోపలి అలజడి సద్దుమణిగాక మిగిలిన పాతిక నింపాలి. ఇదంతా కలిపి 119.5 సెకన్లు పట్టాలని కంపెనీవారి మాట. ఆ అర సెకను మీద నాకు అపారమైన గౌరవం. కనుకనే వీధి మలుపులోని పబ్బుకు స్టాప్‌వాచీతో వెళ్లాను. అక్కడి బార్‌మన్ ముప్పాతిక నింపిన గ్లాసును వదిలేసి, గుర్రప్పందేల గురించి ఒక ముసలాయనతో విచారించి, రెండు గ్లాసులు కడిగి, ఎవరికో గొడుగు వెతికి ఇచ్చి, తీరిగ్గా తిరిగి వచ్చేసరికి 4 నిమిషాల 11 సెకన్లయింది. నిబంధన ప్రకారం మార్కులు కోయాలి, కోశాను. ఆ నెలలో నేను తాగిన పింట్లన్నిటిలోకీ అదే బాగుంది. కాని పుస్తకంలో 'బాగుంది' అనే గడి లేకపోవడం వల్ల ఆ సంగతి నమోదు కాలేదు.

పక్కన పెట్టిన గ్లాసులో బుడగలు పైకి పోవలసింది పోయి, అంచుల వెంట కిందికి దిగుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేనింకా ఒక గుక్కైనా తాగలేదు గనుక కళ్లద్దాలను అనుమానించాను. లిమరిక్ విశ్వవిద్యాలయంలోని పండితులు 2012లో ఈ చిక్కు విప్పారు. గ్లాసు పైకి పోనుపోను వెడల్పవుతుంది కాబట్టి, పైకి లేచే బుడగలు గోడకు దూరమై మధ్యలో దట్టమవుతాయి. నడుమనున్న ద్రవం వాటితో పైకి లేచి, అంచుల వెంట కిందికి జారుతూ, అక్కడ మిగిలిన చిన్న బుడగలను తనతో ఈడ్చుకుపోతుంది. ఆ బుడగలు అంత చిన్నవిగా ఉండటానికి కారణం నత్రజని. ఒట్టి బొగ్గుపులుసు వాయువుతో పోస్తే స్టౌట్ సోడాలా ముక్కులోకి కొడుతుంది. మూడు వంతులకు దరిదాపుగా నత్రజని కలిపితే వెన్నలాంటి నురుగు కడుతుంది. ఈ ఏర్పాటు 1959లో మైకేల్ యాష్ అనే గణితశాస్త్రజ్ఞుడి కృషి వల్ల వచ్చింది. లెక్కల్లో ఆరితేరినవాడు ఏళ్ల తరబడి నురుగు మీద పరిశోధన చేశాడంటే, ఆ నురుగుకు మార్కులు వేసే నన్ను చూసి ఇంట్లో నవ్వేవారు ఒకసారి ఆలోచించుకోవాలి.

వేడిమి విషయంలో నా చిత్తశుద్ధి అపార్థాలకు దారితీసింది. స్టౌట్‌ను 6 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇవ్వాలి. రెండో పబ్బులో నేను వంటింటి థర్మామీటరు తీసి గ్లాసులో ముంచగానే, బార్‌మన్ గుడ్డతో బల్ల తుడవడం ఆపి, "పాపం, దానికి ఒంట్లో నలతగా ఉందాండీ?" అని అడిగాడు. ఏడున్నర ఉందని చెప్పాను. "అయితే రేపు సెలవు పెట్టమనండి" అన్నాడు. థర్మామీటరు గుచ్చినచోట నురుగు కుంగిపోయింది. నురుగు గడిలో ఆ పబ్బుకు రెండు మార్కులు తగ్గాయి.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన వాస్తవాన్ని దాచకుండా చెప్పాలి. మా పేటలోని పబ్బులన్నిటికీ ఈ సరుకు లిఫీ నదికి ఆవలి ఒడ్డునున్న ఆ ఒక్క బ్రూవరీ నుంచే వస్తుంది. ఒకే కాగులోని పులుసును పది గిన్నెల్లో పోసి పదింటికీ వేరువేరు మార్కులు వేయడం ఎలాగని మా బావమరిది అడిగాడు. అమాయకుడు. పీపా నుంచి ట్యాపు దాకా పైపు ఎంత పొడవుందో, దాన్ని ఎన్నాళ్లకొకసారి కడుగుతున్నారో, గ్లాసుకు జిడ్డు అంటుకుని నురుగును తినేస్తున్నదో లేదో, బేరం లేక పీపా ఎన్ని రోజులు తెరిచి ఉందో, ఇవన్నీ నిజంగానే రుచిని మారుస్తాయి. అయితే తోటి పరీక్షకుల తీర్పులు చదివితే పైపులకన్నా కుర్చీ మెత్తదనమూ, బయటి వానా, పక్కన కూర్చున్న మనిషీ ఎక్కువగా పనిచేసినట్టు కనిపిస్తుంది. 2011లో అచ్చయిన ఒక పరిశోధన కోసం కొందరు శాస్త్రజ్ఞులు 14 దేశాల్లో 33 నగరాలు తిరిగి పింట్లు తాగి, ఐర్లండులో తాగినదానికి నూటికి 74, బయట తాగినదానికి 57 వేశారు. అటువంటి ఉద్యోగాలు ఉంటాయని మా రోజుల్లో ఇంజనీరింగు కౌన్సెలింగులో ఒక్కరైనా చెప్పలేదు.

గ్లాస్‌నెవిన్ శ్మశానం గోడను ఆనుకుని 1833 నుంచి ఉన్న జాన్ కవానాగ్ పబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దాన్ని అందరూ 'గ్రేవ్‌డిగ్గర్స్' అంటారు; సమాధులు తవ్వేవాళ్లు పని మధ్యలో పారతో గోడ మీద తడితే లోపలినుంచి గ్లాసులు అందేవని కథ. కాటికాపరి ఉద్యోగంలో హరిశ్చంద్రుడికి ఇంత సౌకర్యం ఉండి ఉంటే మన నాటకాల వాళ్లకు పద్యాలు తగ్గేవి. అక్కడ టీవీ లేదు, సంగీతం లేదు. చెక్కబల్లల మధ్య మనుషులు మాట్లాడుకునే చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడ గంటన్నర కూర్చుని 9.3 వేశాను. ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే, విడివిడి గడుల మొత్తం 8.1 మాత్రమే అయింది. మిగతా 1.2 ఆ నిశ్శబ్దానికి వేసి ఉంటాను. నిశ్శబ్దానికి గడి లేదు కాబట్టి దాన్ని 'గ్లాసు అంచున మిగిలిన నురుగు వలయాలు' అనే పద్దు కింద సర్దాను. ఆడిట్ వస్తే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

యువతరం సంగతి వేరు. గ్లాసు మీద అచ్చువేసిన పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం 'జీ'ని, మొదటి గుక్కలోనే నురుగు గీత సగానికి కోయాలన్నది వాళ్ల పోటీ. అందుకోసం మూడో వంతు పింటును ఒకేసారి ఎత్తి మింగి, గ్లాసు బల్ల మీద పెట్టి, తలలు దగ్గరికి చేర్చి కొలతలు చూసుకుంటారు. ఇది రుచి చూడటం కాదు, సర్వే. ఆ అక్షరం దగ్గరే ఉన్న వీణలాంటి హార్పును వాళ్లెవరూ పట్టించుకోరు. ఆ గుర్తును కంపెనీ 1876లోనే రిజిస్టరు చేయించుకున్నది కనుక, తరవాత స్వతంత్రమైన ఐర్లండు ప్రభుత్వం తన రాజముద్రకు అదే హార్పును రెండో వైపుకు తిప్పి పెట్టుకోవలసి వచ్చింది. ఒక ప్రభుత్వం సారాయి కంపెనీ ముందు పక్కకు తిరిగి నిలబడటం మరోచోట జరిగి ఉంటే మన పత్రికలు సంపాదకీయాలు రాసేవి.

మా ఆఫీసు నుంచి నాకు సహాయకుడిగా వచ్చిన ఒక శుద్ధ శాకాహారి మిత్రుడి విషాదం కూడా నమోదు చేయాలి. పూర్వం ఈ స్టౌట్‌ను చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థంతో తేటపరిచేవారు. ఇప్పుడు మానేశారు. మానేశారన్న శుభవార్త చెబుదామనే నేను ఈ సంగతి ఎత్తాను గాని, ఆయన అంతకుముందు ఇక్కడ గడిపిన ఆరేళ్ల శనివారాలను లెక్కబెట్టుకుంటూ ఉండిపోయాడు.

అసలు చిక్కు రౌండ్ల దగ్గర వచ్చింది. ఇక్కడ నలుగురు కలిసి కూర్చుంటే ఒక్కొక్కరు ఒక్కో రౌండు, అంటే అందరికీ తలా ఒక పింటు, కొనాలి. మూడు తాగి లేచిపోయేవాడికి పిసినారి అన్న పేరు వస్తుంది, నాలుగోది కొనకుండా లేచిపోతే పేటలో పేరే ఉండదు. కనుక ప్రతి తనిఖీలోనూ కనీసం నాలుగు పింట్లు పరీక్షించవలసి వచ్చింది. లెడ్జరు తిరగేస్తే ఒక విచిత్రం బయటపడింది: ఏ పబ్బులోనైనా మొదటి పింటుకు ఏడు, నాలుగో పింటుకు తొమ్మిదిన్నర. చేతిరాత మాత్రం అదే క్రమంలో దిగజారింది. మరొకడు డబ్బు ఇచ్చిన పింట్లకు సగటున అర మార్కు ఎక్కువగా ఉందని కూడా తేలింది గాని, అది యాదృచ్ఛికమని నా అభిప్రాయం.

ఇటువంటి చిక్కులు తీర్చే శాస్త్రం కూడా ఆ బ్రూవరీలోనే పుట్టడం మా వృత్తికి గర్వకారణం. విలియం సీలీ గోసెట్ అనే ఆయన 1899లో అక్కడ ఉద్యోగంలో చేరి, బార్లీ గురించీ బీరు గురించీ కొద్దిపాటి నమూనాలతోనే నమ్మదగ్గ నిర్ణయానికి రావడం ఎలాగని ఆలోచించాడు. కంపెనీ రహస్యాలు బయటపడతాయని ఉద్యోగులను సొంత పేరుతో రాయనిచ్చేవారు కాదు. అందువల్ల 1908లో ఆయన వ్యాసం 'స్టూడెంట్' అనే మారుపేరుతో వచ్చింది. ప్రపంచంలోని స్టాటిస్టిక్స్ విద్యార్థులందరూ ఇప్పటికీ చదివే టీ-టెస్టు అదే. టీ అన్నారు గాని దాని మూలం స్టౌట్.

ఆయన అడుగుజాడల్లో నేనూ ఒక నిష్పాక్షిక పరీక్ష ఏర్పాటు చేశాను. వేసవి సెలవులకు వచ్చిన మా బావమరిదిని బార్ దగ్గరికి పంపి, కళ్లకు మఫ్లరు కట్టుకుని, అతడు తెచ్చిన మూడు పింట్లనూ క్రమంగా రుచి చూశాను. మొదటిదానికి 7.1 వేసి, పైపు కడిగి చాలా రోజులైందని రాయించాను. రెండోదానికి 8.4, పీపా కొత్తది, గ్యాసు కొంచెం ఎక్కువ. మూడోదానికి 9.0 వేసి, ఇటువంటి నురుగు ఈ పేటలో అరుదని ప్రకటించి మఫ్లరు విప్పాను.

"బావా, మూడూ ఒకే ట్యాపు నుంచి ఒకేసారి పోయించాను" అన్నాడు మా వాడు.

నేను తొణకలేదు. ఒకే ట్యాపు నుంచి ఒకే సమయంలో పోసిన మూడు గ్లాసుల మధ్య దాదాపు రెండు మార్కుల తేడా ఉందంటే ఆ పబ్బుకు నాణ్యతలో నిలకడ లేదన్నమాట. నిలకడలేమి కింద ఒక మార్కు కోసి, ఎర్ర సిరాతో గీత గీశాను. మూడు పింట్లన్నది చిన్న నమూనా గనుక, తీర్పు ఖాయం చేసే ముందు వచ్చే గురువారం అదే పరీక్షను పన్నెండింటితో మళ్లీ నిర్వహించవలసి ఉంది. బావమరిది బుధవారమే విమానం ఎక్కుతున్నాడు. కాబట్టి గ్లాసులు మోయగలిగి, నోరు మెదపకుండా ఉండగలిగిన స్వచ్ఛంద సేవకుడు ఒకరు కావాలి. మొదటి రౌండు ఖర్చు వారిదే. స్టాప్‌వాచీ నేను తెస్తాను.