మోకాలికి దెబ్బ, బోడిగుండుకు కట్టు

సముద్రంలో చమురు ఒలికితే ఏం చేయాలి? అడవి కొనాలి. నవ్వకండి, అలాస్కాలో ప్రభుత్వాలు కూర్చుని, సంతకాలు పెట్టి మరీ చేసిన పని ఇది.

1989 మార్చి 24న ఎక్సాన్ కంపెనీ చమురు ఓడ ఎక్సాన్ వాల్డెజ్ అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో రాతిదిబ్బ ఎక్కి, నాలుగు కోట్ల లీటర్ల ముడిచమురును నీళ్లపాలు చేసింది. చచ్చిన సముద్రపక్షులు రెండున్నర లక్షలని అంచనా. ఒడ్డు రాళ్లకు వేడినీళ్లతో అభ్యంగన స్నానం చేయించారు. చమురుకు చావని ఆల్చిప్పలు ఎన్నో ఆ స్నానానికి చచ్చాయి. గులకరాళ్ల కింది చమురు దశాబ్దాలు దాటినా కదల్లేదు గానీ, 1994లో జ్యూరీ కంపెనీకి వేసిన 500 కోట్ల డాలర్ల దండన మాత్రం 2008కల్లా సుప్రీంకోర్టులో సుమారు 51 కోట్లకు కరిగిపోయింది. కరగాల్సింది ఏదో కోర్టువారికి తెలియదంటారా?

ఇక అడవి సంగతి. ప్రభుత్వాలతో కుదిరిన 1991 ఒప్పందం ప్రకారం కంపెనీ కట్టిన 90 కోట్ల డాలర్లలో పెద్ద వాటాతో దాదాపు ఆరున్నర లక్షల ఎకరాలకు రక్షణ కల్పించారు. కొన్నిచోట్ల నేలే కొన్నారు, కొన్నిచోట్ల నరికే హక్కు మాత్రం కొన్నారు. అడవి ఎప్పటినుంచో అక్కడే ఉంది. గొడ్డలి పడకుండా ఉండటమే ఇందులో సరుకు. ఈ లెక్కన రేపు నేనెవరి ఇల్లు తగలబెట్టినా, తగలబెట్టని పక్కింటిని చూపించి రసీదు అడగొచ్చు. ఆవును చంపి చెప్పులు దానం చేయడంకన్నా ఇది చాలా మర్యాదైన పద్ధతి.

అన్యాయంగా మాట్లాడకూడదు. మార్బుల్డ్ మర్రెలెట్ అనే పిట్ట ఉంది. సముద్రంలో బతుకుతుంది, ముసలి చెట్టు కొమ్మ మీది నాచులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల కోసం తల్లీతండ్రీ సముద్రం నుంచి చేపను ముక్కున కరుచుకుని అడవికి ఎగిరొస్తారు. అంటే మోకాలికీ బోడిగుండుకూ నిజంగానే ముడి ఉందన్నమాట! చెట్టు కొన్నవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు.

చిక్కల్లా చేపతోనే. ఆ నీళ్లలో హెర్రింగ్ చేపలు 1993లో కుప్పకూలాయి, మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. తప్పు చమురుదా, రోగానిదా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. గూటికి మాత్రం పక్కాగా రిజిస్ట్రేషన్ అయిపోయింది. పిల్ల నోరు తెరిచినప్పుడల్లా దస్తావేజు చూపించొచ్చు.