డీఓ తెలిసిన ఊళ్లో పిల్లలకు ర్యాలీలు దేనికి?

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన రాష్ట్రంలో బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. అసలు రోజున పిల్లలు సెలవుల్లో ఉంటారు కాబట్టి, తర్వాత ఎప్పుడో వీలు చూసుకుని ఓ ర్యాలీ తీస్తారు. ముందు ఫ్లెక్సీ, వెనక 'ప్లాస్టిక్ వద్దు' అని నినాదాలు. ఆ ఫ్లెక్సీ ఏంటి సార్ మరి అని అడిగిన పిల్లాడికి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చేయొచ్చు.

కొత్తగా కార్యక్రమాలు కల్పించనక్కర్లేదు. జనం ఎలాగూ చేరే చోటుంటే, అక్కడ పిల్లల చేతికి ఒక పని ఇస్తే చాలు. నెల్లూరులో అందుకు రొట్టెల పండుగను మించింది లేదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో లక్షల మంది దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె... కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. మతం ఎవరూ అడగరు. అంతమంది దిగి వెళ్లాక ఆ నీళ్లకు ఏమవుతుందన్నది మంచి సైన్సు ప్రశ్న.

రొట్టె ముక్క నీటిలో నానితే బాక్టీరియా దాన్ని తింటుంది, తింటూ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. పుస్తకంలో ఇది ఒక పేరా, పరీక్షలో రెండు మార్కులు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యలు పెంచే ఇళ్లలో మాత్రం ఇదే రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని విషయం. తెల్లారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆ ఆక్సిజన్, పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి వచ్చిందంటే రైతుకు టెన్షనే. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ కోసం పరుగు. ఆ ఇళ్ల పిల్లలు మన బడుల్లోనే ఉన్నారు. నాన్న నోట రోజూ వినే డీఓ, టీచర్ బోర్డు మీద రాసే ఆక్సిజన్ ఒకటేనని వాళ్లకు ఎవరైనా చెప్పారా?

డీఓ కొలిచే కిట్లు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. సీసాలో నీళ్లు పట్టి, మందు కలిపి, రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. ఆక్సిజన్ ఎంతుందో ఆ చుక్కల లెక్కే చెప్తుంది. పండుగ రోజు ఆ జనంలోకి పిల్లల్ని తీసుకెళ్లక్కర్లేదు. ముందు ఒకసారి, అయ్యాక రెండు మూడు సార్లు వెళితే సరిపోతుంది. అదే చోట, అదే వేళకు పట్టాలి. మొదటిసారి మధ్యాహ్నం, రెండోసారి తెల్లవారుజామున పడితే తేడా రొట్టెల వల్ల వచ్చిందో ఎండ వల్ల వచ్చిందో తేలదు. ఈ ఒక్క జాగ్రత్త నేర్చుకున్నా వంద స్లోగన్ల పెట్టు.

పండుగను తప్పుపడుతున్నారని ఎవరైనా అనొచ్చు. అయితే వినాయక నిమజ్జనం జరిగే చోట కూడా ఇదే కిట్‌తో చూద్దాం. ఏమీ తేడా రాకపోతే? అదే రాయాలి. చెరువు పెద్దది, తట్టుకుందేమో. పిల్లలు అనుకున్న జవాబు రాలేదని లెక్క మార్చకూడదు.

ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పిల్లలను బస్సుల్లో తీసుకెళ్లి పక్షుల్ని చూపించడం మంచిదే. కానీ వాళ్లకు స్టేజీ మీది ప్రసంగాల కన్నా ఆ పక్షులు చేరే నేలపట్టు ఊరి రైతుతో ఓ అరగంట ముఖ్యం. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని, అందుకే పక్షులను ఎవర్నీ ముట్టనివ్వమని ఆ ఊరివాళ్లు చెప్తారు. పక్షుల సంరక్షణకు అంతకన్నా నమ్మదగిన కారణం ఏ ప్లకార్డు మీదా కనపడదు.

నెల్లూరు పిల్లల లెక్క నోటుబుక్కులో ఉండిపోతే లాభం లేదు. రొట్టెల పండుగకు ముందు అధికారులు ఏటా ఏర్పాట్ల మీద సమీక్ష పెడతారు. బారికేడ్లు, తాగునీళ్లు, మరుగుదొడ్ల సంగతి అయ్యాక, పోయినేడాది చుక్కల లెక్క చెప్పడానికి ఓ ఎనిమిదో తరగతి పిల్లకు అందులో ఐదు నిమిషాలు ఇవ్వాలి.