టైరు కొన్నవాడికి చలాన్, అమ్మినవాడికి సలాం

పోయిన వారం మా ఆఫీసుకి ఒక కుర్రాడు రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి డెలివరీ తీసుకున్న రోజు షోరూమ్ వాళ్లు ఇచ్చిన బిల్లు. రెండోది కొన్నాళ్లకి రోడ్డు మీద ఆపి రాసిన చలాన్, ఐదు వేలు. బిల్లులో యాక్సెసరీస్ అన్న మాట కింద స్టెప్నీతో కలిపి ఐదు పెద్ద టైర్లు, వాటికి సరిపడా అలాయ్ చక్రాలు, పక్కన జీఎస్టీ, అడుగున షోరూమ్ స్టాంపు. చలాన్‌లోనేమో అవే టైర్లు అనుమతి లేని మార్పు. "ఇవి లేకపోతే బండికి లుక్కే ఉండదని వాళ్లే చెప్పి వాళ్లే బిగించారు సార్, నేను దొంగతనంగా ఏం చేయలేదు" అని అతని గోడు. రెండు కాగితాల మీదా ప్రభుత్వానికి డబ్బు ముట్టింది గమనించారా? పన్ను వసూలు చేసేటప్పుడు అది సరుకు, ఫైన్ రాసేటప్పుడు నేరం.

ఆ కుర్రాడి మీద జాలితో ఈ మాటలు రాయడం లేదు. ఫెండర్లు, అంటే చక్రాల మీది రేకులు, దాటి బయటికి పొడుచుకొచ్చిన టైర్లతో ఊళ్లో తిరగడం తప్పే, ఆ విషయంలో మాకు రెండో మాట లేదు. మేం అడుగుతున్నది ఒక్కటే. ఆ టైర్లు తెచ్చి, బిగించి, బిల్లు రాసి, బొకే ఇచ్చి ఫొటో తీసి పంపినవాడి సంగతేమిటి?

ముందు ప్రమాదం సంగతి చూద్దాం, ఎందుకంటే దీన్ని చాలామంది కుర్రకారు లుక్ గొడవ అనుకుంటున్నారు. మహీంద్రా థార్‌కి కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు నిలువు కొలత సుమారు 789 మిల్లీమీటర్లు. 35 అంగుళాల టైరు వేస్తే అది 889 అవుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి పోయే దూరం దాదాపు 13 శాతం పెరుగుతుంది, కానీ మీటరుకి ఆ సంగతి తెలియదు కదా, అది పాత చక్రాన్నే లెక్కేసుకుంటూ ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ మీద లోపలి లేన్లలో స్పీడు పరిమితి 120. మీటరులో ముల్లు 120 దగ్గర ఉందని నిశ్చింతగా పోతున్నవాడు, కంపెనీ మీటర్లు కాస్త ఎక్కువే చూపిస్తాయన్న వెసులుబాటు పక్కన పెడితే, నిజానికి 135తో పోతున్నాడన్నమాట. బ్రేకులు మాత్రం పాతవే. చక్రం పెద్దది, బరువైనది అయిన కొద్దీ దాన్ని ఆపడానికి బ్రేకు మీద పడే భారం పెరుగుతుంది. స్టీరింగ్ జాయింట్లు, వీల్ బేరింగ్‌లు ఆ బరువు కోసం చేసినవి కావు. పైగా లిఫ్ట్ కిట్ వేసి బండిని లేపితే మలుపులో బోల్తా కొట్టే గుణం ఎక్కువవుతుంది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, స్కిడ్ కాకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్స్ అన్నీ ఫ్యాక్టరీ టైరు కొలతతో సరిచూసి పెట్టినవి.

బండిలో కూర్చున్నవాడి సంగతి వాడు చూసుకుంటాడు, వెనక బైకు మీద వచ్చేవాడి గతేమిటి? చక్రం వెనక మందపాటి బిళ్లల్లాంటి స్పేసర్లు పెట్టి టైరును బయటికి తోస్తే వానాకాలం వాడి మొహాన బురద, ఎండాకాలం కంకర రాయి. ఇంతా చేస్తే బండి అడుగున పెరిగే ఎత్తు టైరు పెరిగినదానిలో సగమే, అంటే నిలువు కొలత 50 మిల్లీమీటర్లు పెరిగిన టైరుకి 25 మిల్లీమీటర్లు, ఒక్క అంగుళం. మారేడుమిల్లి పైన గుడిస కొండకి పొద్దున్నే టూరిస్టుల్ని ఎక్కించుకెళ్లే లోకల్ బొలెరో డ్రైవర్లను అడగండి, బండి ఎక్కేది టైరు సైజుతోనా, గేరు మీద చేతితోనా అని.

పెద్ద టైర్లు బురదలో, రాళ్లలో నిజంగానే పనికొస్తాయని, వరదలప్పుడు ఇలాంటి బళ్లే జనాన్ని బయటికి తెచ్చాయని ఆఫ్‌రోడ్ క్లబ్బుల వాళ్లు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ మాదాపూర్ సిగ్నల్ దగ్గర వరదేమీ లేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది, అమ్మకానికి ముందు మోడల్‌కి చేసే ప్రోటోటైప్ పరీక్ష పాసైన బండిని ఆ రూపంలోనే ఉంచాలని. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్ చేర్చారు. అనుమతి లేకుండా మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. ఇది నాలుగో ఉపసెక్షన్, రోడ్డు మీద అందరూ చెప్పేది ఇదే. దాని పైనే ఉన్న ఒకటో ఉపసెక్షన్ సంగతి ఎవరూ ఎత్తరు. నిబంధనలకు విరుద్ధంగా ఉన్న బండిని అమ్మినా, అప్పగించినా, మార్చినా తయారీదారుకీ డీలరుకీ ఏడాది దాకా జైలు, లేదా ఒక్కో బండికి లక్ష జరిమానా, లేదా రెండూ. చట్టం రాసినవాళ్లకి అసలు తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలుసు, అందుకే అమ్మినవాడికి ఇరవై రెట్లు వేశారు. ఆ లక్ష ఏ షోరూమ్ కట్టిందో చెప్పమనండి. అలాంటి వార్త ఒక్కటైనా మా డెస్కుకి రాలేదు, వస్తే మొదటి పేజీలో వేస్తాం.

తమాషా ఏమిటంటే టైరు మార్చడం ఈ సెక్షన్ కిందికి వస్తుందా అన్నదే తేలని వ్యవహారం. బండి నిర్మాణాన్ని మార్చి దాని మూల స్వభావాన్ని మార్చేదే మార్పు అని 52వ సెక్షన్ వివరణలోనే ఉంది. సొంత కారు ఆర్సీ కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూడండి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు ఉంటాయి, టైరు సైజు కనిపించదు. అది డ్రైవరు డోరు తీస్తే లోపలి పక్కన అంటించిన స్టిక్కరు మీదో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. రాణిగంజ్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా ఏ టైరు షాపులో అడిగినా ఒకటే జవాబు, అదే మోడల్ టాప్ వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజు అయితే ఏం కాదులెండి అని. ఏం కాదని రాసిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. చివరికి తేల్చేది ఆ రోజు రోడ్డు మీద నిలబడ్డ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మూడ్.

దీని ఫలితం చూడండి. మారుతి జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్15. దాని బదులు 215/75 ఆర్15 వేసుకున్నవాడికి నిలువు కొలతలో వచ్చే తేడా సుమారు పది మిల్లీమీటర్లు, ఒకటిన్నర శాతం, అరిగిన టైరుకీ కొత్త టైరుకీ మధ్య కూడా అంత తేడా ఉంటుంది. 35 అంగుళాలు వేసి ఛాసిస్ లేపి తిరిగేవాడూ వీడూ ఒకే సెక్షన్ కింద నిలబడాలి. అందులోనూ జిమ్నీవాడు బండి ఆపుతాడు, కాగితాలిస్తాడు, కడతాడు. 35 అంగుళాలవాడు ఎవరికో ఫోన్ కలిపి ఇన్‌స్పెక్టర్ చేతికిస్తాడు.

ఆ ఫోన్ ఎవరికి వెళ్తుందో మేం చెప్పనక్కర్లేదు. లీడర్ల వెనక తిరిగే బళ్లు ఒకసారి చూడండి. బంపర్ల ముందు ఇనుప కడ్డీలు కొట్టుకుని, నల్ల ఫిల్మ్ అంటించుకుని, మనిషి నడుము ఎత్తు టైర్లతో వస్తాయి. ఆ కడ్డీల మీద చర్య తీసుకోండని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది, అవి పాదచారుల ప్రాణాలకీ బండిలోవాళ్లకీ ప్రమాదమని. ఆ ఉత్తరం ఏ బీరువాలో ఉందో. కొత్తగా గెలిచినవాడి ఊరేగింపులో రూఫ్ లేని జీపుకి పెద్ద టైర్లు, దాని ముందు దారి క్లియర్ చేస్తూ ట్రాఫిక్ పోలీసు. ఆ పోలీసే మర్నాడు స్పెషల్ డ్రైవ్‌లో టేపు లేకుండా, కొలత లేకుండా, కంటితో చూసి కుర్రాళ్ల బళ్లకి ఫొటోలు కొడతాడు. అతన్ని అని లాభం లేదు, అతని ఉద్యోగం అలాంటిది.

కేరళ కూడా ఏం తక్కువ కాదు. 2024లో హత్య కేసు నిందితుడొకడు వయనాడ్‌లో నంబరు ప్లేటు లేని, పెద్ద టైర్ల జీపులో షికారు చేసి వీడియో పెడితే హైకోర్టే కల్పించుకుని గద్దించాల్సి వచ్చింది. మరోపక్క శ్రీనగర్‌లో కొన్నేళ్ల క్రితం టైర్లు, లైట్లు, సైరన్, టాప్ మార్చిన థార్ యజమానికి కోర్టు ఏకంగా ఆరు నెలల జైలు వేసి, తర్వాత మంచి నడవడి బాండు మీద వదిలింది. ఒక దేశం, ఒక చట్టం, ఒకచోట జైలు, ఇంకోచోట ఊరేగింపు. ఎక్కడా అమ్మినవాడు బోనెక్కినట్టు మేం వినలేదు.

దారి లేదా అంటే ఉంది, అదీ మన చట్టంలోనే ఉంది. 2019 సవరణ 52వ సెక్షన్‌కి ఒక మాట కలిపింది, ఏ మార్పులు చేసుకోవచ్చో, వాటి కొలతలూ షరతులూ ఏమిటో కేంద్రం నిర్ణయించవచ్చని, అలా చేసుకుంటే కంపెనీ వారంటీ కూడా పోదని. సీఎన్‌జీ కిట్‌కి ఒక పద్ధతి ఉంది కదా, అనుమతి ఉన్న కిట్ వేయించుకుని ఆర్టీఏలో చూపించి ఆర్సీలో ఎక్కించుకుంటున్నాం కదా. టైరుకి అదే పని చేయడానికి ఎవరు అడ్డం? ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్‌లకి ఒక జాతీయ మార్గదర్శకం ఉంది. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన అతి పెద్ద టైరు మీద నిలువు కొలతలో 50 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు, అది దాటితే ఇంజినీరు పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లని అడిగినా చెబుతారు, అక్కడ బేరం టైరు షాపులో ఉంటుంది గానీ రోడ్డు మీద పోలీసుతో ఉండదు. జర్మనీలో అయితే పరీక్ష సంస్థ చూసి సరే అంటే ఆ సైజు బండి కాగితాల్లోకే ఎక్కుతుంది.

మన దగ్గరా మిల్లీమీటర్లలో ఒక అంకె రాయండి. 20 అంటారో, 30 అంటారో, అసలు ఒక్కటి కూడా కుదరదంటారో, పరీక్షలు చేసే సంస్థలు పుణెలో ఉన్నాయి, వాళ్లని అడిగి రాయండి. అంకె దాటిన టైరును ఆ మోడల్ బండికి బిగించిన షోరూమ్‌కి లక్ష, బిగించుకున్నవాడికి ఐదు వేలు, ఈ వరసలో వేయండి. 35 అంగుళాల సరదా ఉన్నవాడు తన సొంత స్థలంలో, అనుమతి ఉన్న ట్రాక్‌లో తీర్చుకుంటాడు, మాకేం అభ్యంతరం లేదు. మాకు అభ్యంతరమల్లా అంకె రాయకుండా, అమ్మకం ఆపకుండా, నెలాఖరున టార్గెట్ కోసం చలాన్ పుస్తకం తీయడం మీదే.

రవాణా శాఖ ఈసారి స్పెషల్ డ్రైవ్ అని ప్రెస్ నోట్ పంపేముందు ఒక పని చేయాలి. అసెంబ్లీ సమావేశాల రోజున పార్కింగ్‌లోకి ఒక ఇన్‌స్పెక్టర్‌ని పంపి, ప్రతి బండి డోరు తీయించి, స్టిక్కరు మీద సైజు చదివించి, కింద టైరు కొలిపించండి. అటునుంచి ఏడాదిగా అలాయ్ చక్రాలు యాక్సెసరీస్ కింద అమ్మిన షోరూమ్‌ల బిల్లు పుస్తకాలు తెప్పించండి. అంత పనికి శాఖ దగ్గర టేపు లేదంటారా, ఆ కుర్రాడు కట్టిన ఐదు వేలు మీ దగ్గరే ఉన్నాయి, వెళ్లి ఒకటి కొనుక్కోండి.